ఉష్ణమండల వర్షారణ్య ఆవరణ వ్యవస్థ: లక్షణాలు, వృక్షాల అనుకూలనాలు, తోట పంటల సాగుకు వాటి అన్వయం

సారాంశం

భూమధ్యరేఖకు ఇరువైపులా విస్తరించిన వర్షారణ్యాలు భూభాగంలో సుమారు 6-7 శాతం మాత్రమే ఆక్రమించినప్పటికీ, ప్రపంచంలోని జీవజాతులలో సగానికి పైగా వాటిలోనే నివసిస్తున్నాయని అంచనా. ఏడాది పొడవునా వేడి, తేమ లభించే ఈ అరణ్యాలలో మొక్కలకు ప్రధానంగా కొరవడేవి రెండు: నేల మట్టంలో వెలుతురు, మట్టిలో పోషకాలు. వర్షారణ్య వృక్షాల అనుకూలనాలలో అధిక భాగం ఈ రెండు కొరతలకు సమాధానంగా ఏర్పడినవే. కోకో, మిరియం, రబ్బరు, కాఫీ, పనస వంటి పంటలు ఇటువంటి అడవుల నుండి వచ్చినవి కాబట్టి, వాటి సహజ స్వభావాన్ని గుర్తించడం సాగు సలహాలకు బలమైన ఆధారమవుతుంది. ఈ వ్యాసంలో వర్షారణ్యాల శీతోష్ణస్థితి, అంతస్తులు, నేలలు, వృక్షాల అనుకూలనాలు, తోట పంటల యాజమాన్యానికి వాటి అన్వయం వివరించబడినవి.

కీలక పదాలు: వర్షారణ్యం, వృక్షఛత్రం, పోషక చక్రం, బట్రెస్ వేళ్లు, వృక్షోపజీవులు, కోకో, రికాల్సిట్రెంట్ విత్తనాలు

పరిచయం

‘ఉష్ణమండల వర్షారణ్యం’ అనే పదాన్ని శాస్త్రీయంగా ప్రవేశపెట్టినవాడు జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆండ్రియాస్ షింపర్. 1898లో ప్రచురించిన తన వృక్షభూగోళ గ్రంథంలో అతడు ఈ అడవిని సతతహరితమైనది, తేమను ప్రేమించేది, మందమైన తీగలతోను వృక్షోపజీవులతోను నిండినది అని నిర్వచించాడు. ఆ నిర్వచనం స్థూలంగా నేటికీ చెల్లుతున్నది.

ఈ అడవులు ప్రధానంగా మూడు ప్రాంతాలలో ఉన్నాయి. దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం అన్నింటిలోకి పెద్దది. అక్కడి వర్షారణ్య విస్తీర్ణం సుమారు 55 లక్షల చదరపు కిలోమీటర్లు, అందులో దాదాపు 60 శాతం బ్రెజిల్ దేశంలో ఉన్నది. రెండవది ఆఫ్రికాలోని కాంగో పరీవాహక ప్రాంతం. మూడవది మలేషియా, ఇండోనేషియా, న్యూగినీ వరకు వ్యాపించిన ఆగ్నేయాసియా ద్వీప ప్రాంతం. భారతదేశంలో పశ్చిమ కనుమలు, ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ నికోబార్ దీవులలో ఈ తరహా అడవులు కలవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అసలైన వర్షారణ్యం లేదు. తూర్పు కనుమలలో మారేడుమిల్లి పరిసరాల వంటి చోట్ల పాక్షిక సతతహరిత అడవుల భాగాలు మాత్రమే కనిపిస్తాయి. అయినప్పటికీ వర్షారణ్యాలలో పుట్టిన పంటలు రెండు రాష్ట్రాలలోను లక్షలాది ఎకరాలలో సాగవుతున్నాయి. అడవిని అర్థం చేసుకోవలసిన అవసరం ఇక్కడి వ్యవసాయ శాస్త్రజ్ఞులకు కూడా ఉన్నదని చెప్పడానికి ఈ ఒక్క విషయమే చాలును.

శీతోష్ణస్థితి

కొప్పెన్ వర్గీకరణ ప్రకారం వర్షారణ్య శీతోష్ణస్థితికి రెండు కొలమానాలు ఉన్నాయి. అతి చల్లని నెలలో కూడా సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గరాదు. అతి తక్కువ వర్షం కురిసే నెలలో కూడా కనీసం 60 మిల్లీమీటర్ల వర్షపాతం ఉండాలి. సాధారణంగా వార్షిక వర్షపాతం 2000 మిల్లీమీటర్లకు మించి ఉంటుంది. భూమధ్యరేఖా ప్రాంతంలో అతి వేడి నెలకు, అతి చల్లని నెలకు మధ్య ఉండే తేడా కంటే ఒకే రోజులో పగటికి, రాత్రికి మధ్య ఉండే తేడా ఎక్కువ. కాబట్టి అక్కడి మొక్కకు చలికాలం, ఎండాకాలం అనే విభజన తెలియదు. ఆకు వేయడానికి, పూయడానికి ఏడాది అంతా తగిన కాలమే.

పశ్చిమ కనుమల పరిస్థితి కొంత భిన్నమైనది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా సుమారు 7000 మిల్లీమీటర్ల వర్షం కురిసినా, దానిలో అత్యధిక భాగం నైరుతి ఋతుపవనాల నెలలలోనే కురుస్తుంది. మిగిలిన సంవత్సరంలో కొన్ని నెలలు పొడిగానే ఉంటాయి. అక్కడ సతతహరిత అడవి నిలిచి ఉండడానికి మొత్తం వర్షపాతంతో పాటు పొగమంచు, గాలిలోని తేమ, లోతైన నేలలలో నిలిచే నీరు తోడ్పడుతున్నాయి. వార్షిక వర్షపాతం కన్న పొడి నెలల సంఖ్యే వర్షారణ్య వృక్షం మనుగడను ఎక్కువగా నిర్ణయిస్తుందన్నది దీనినుండి గ్రహించవలసిన అంశం. పంటల విషయంలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

వర్షారణ్యం వర్షాన్ని స్వీకరించడమే కాక దానిని తయారు చేయడంలోను పాలుపంచుకుంటుంది. ఒక పెద్ద వృక్షం బాష్పోత్సేకం ద్వారా రోజుకు కొన్ని వందల లీటర్ల నీటిని గాలిలోకి విడుదల చేయగలదు. బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి, అతని సహచరులు 1970లలో వర్షపు నీటిలోని ఆక్సిజన్ ఐసోటోపులను పరిశీలించి, అమెజాన్‌లో కురిసే వర్షంలో దాదాపు సగం ఆ అడవి నుండే తిరిగి ఆవిరైన నీరని చూపారు. అట్లాంటిక్ సముద్రం నుండి వచ్చిన తేమ పడమటి దిక్కుగా సాగుతూ అనేకసార్లు వర్షమై, మళ్లీ ఆవిరై, చివరకు ఆండీస్ పర్వతాలను చేరుతుంది. ఈ ప్రవాహాలకు ‘ఎగిరే నదులు’ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

అడవి అంతస్తులు

వర్షారణ్యాన్ని అధ్యయన సౌలభ్యం కోసం అంతస్తులుగా విభజిస్తారు.

1. అన్నింటికన్న పైన అక్కడక్కడ తల ఎత్తి నిలిచే మహావృక్షాలు. వీటి ఎత్తు సాధారణంగా 45 మీటర్లకు పైబడి ఉంటుంది. మలేషియాలోని సబా రాష్ట్రంలో, డానమ్ లోయలో ఉన్న ఒక షోరియా వృక్షం ఎత్తు 100.8 మీటర్లుగా 2019లో నమోదైనది. ఈ వృక్షాలు తీవ్రమైన ఎండను, గాలిని, పగటిపూట పొడి వాతావరణాన్ని తట్టుకోవాలి.

2. దాని కింద 25 నుండి 40 మీటర్ల ఎత్తులో దట్టంగా అల్లుకున్న వృక్షఛత్రం. అడవిలోని కిరణజన్య సంయోగక్రియలో అత్యధిక భాగం ఇక్కడే జరుగుతుంది. పూలు, పండ్లు, కీటకాలు, పక్షులు, కోతులు అధికంగా ఉండేది కూడా ఇక్కడే.

3. ఛత్రం నీడలో ఎదిగే చిన్న వృక్షాలు, పొదలు. కోకో వృక్షం సహజంగా ఈ అంతస్తుకు చెందినది.

4. నేల మట్టం. ఛత్రంపై పడిన సూర్యకాంతిలో ఇక్కడికి చేరేది కేవలం 1-2 శాతం. అందువలన దట్టమైన వర్షారణ్యంలో నేలమీద గడ్డి గాని, చిక్కని పొదలు గాని సాధారణంగా ఉండవు. ప్రవేశించరానంత చిక్కని అడవి అనే ప్రసిద్ధి నదుల ఒడ్డులకు, చెట్లు కూలిన ఖాళీలకు మాత్రమే వర్తిస్తుంది.

ఏదైనా పెద్ద వృక్షం కూలినప్పుడు ఛత్రంలో ఖాళీ ఏర్పడి, వెలుతురు నేలకు చేరుతుంది. అంతవరకు మట్టిలో నిద్రాణంగా ఉన్న విత్తనాలు మొలకెత్తుతాయి. ఏళ్ల తరబడి ఎదుగుదల లేక వేచి ఉన్న నారు మొక్కలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అడవి పునరుజ్జీవనానికి ఈ ఖాళీలే ప్రధాన మార్గం.

జాతుల వైవిధ్యం

అమెజాన్ అడవులలో సుమారు 16,000 వృక్షజాతులు ఉంటాయని 2013లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వాటిలో కేవలం 227 జాతులే మొత్తం చెట్ల సంఖ్యలో సగాన్ని ఆక్రమించి ఉన్నాయని, మిగిలిన జాతులలో అనేకం అత్యంత అరుదైనవని ఆ అధ్యయనం తెలిపింది. అనగా ఒక జాతికి చెందిన రెండు చెట్ల మధ్య దూరం చాలా ఎక్కువగా ఉంటుంది.

ఈ ఎడమకు ఒక కారణాన్ని డేనియల్ జాన్‌జెన్ 1970లో, జోసెఫ్ కానెల్ 1971లో విడివిడిగా ప్రతిపాదించారు. తల్లి చెట్టు కింద రాలిన విత్తనాలను, అక్కడే మొలిచిన నారును ఆ జాతికే ప్రత్యేకమైన పురుగులు, శిలీంధ్రాలు సులువుగా కనిపెట్టి నాశనం చేస్తాయి. దూరంగా చేరిన విత్తనానికే బ్రతికే అవకాశం ఎక్కువ. ఫలితంగా ఏ ఒక్క జాతీ అడవిని పూర్తిగా ఆక్రమించలేదు. పనామాలోని బారో కొలరాడో ద్వీపంలో 1980ల ప్రారంభం నుండి 50 హెక్టార్ల క్షేత్రంలో ప్రతి చెట్టును లెక్కిస్తూ సాగుతున్న పరిశీలనలు ఈ వాదనకు చాలా వరకు బలం చేకూర్చాయి. ఒకే జాతిని దట్టంగా నాటే తోటల సాగుకు ఈ సూత్రం ఒక హెచ్చరిక.

నేలలు, పోషక చక్రం

ఇంత దట్టమైన అడవి నిలిచిన నేల మిక్కిలి సారవంతమై ఉంటుందని భావించడం సహజం. అయితే వాస్తవం చాలా చోట్ల దీనికి విరుద్ధంగా ఉన్నది. వర్షారణ్యాల కింద అధికంగా ఉండేవి ఆక్సిసోల్, అల్టిసోల్ వర్గాల నేలలు. లక్షల సంవత్సరాలుగా కురిసిన వర్షాలకు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వంటి క్షారాలు కొట్టుకుపోయి, కేయోలినైట్ బంకమన్ను, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలాయి. ఈ నేలలు ఆమ్ల స్వభావం కలవి. వీటి ధన అయాన్ల వినిమయ సామర్థ్యం తక్కువ. లభ్యమైన కొద్దిపాటి భాస్వరాన్ని కూడా ఆక్సైడులు గట్టిగా పట్టి ఉంచుతాయి.

అటువంటప్పుడు అడవికి పోషకాలు ఎక్కడివి? అవి మట్టిలో నిల్వ లేక, ఎక్కువ భాగం జీవించి ఉన్న మొక్కలలోను, నేలపై రాలిన ఆకులలోను నిరంతరం తిరుగుతూ ఉంటాయి. వేడి, తేమ కలిసి ఉండడం వలన రాలిన ఆకులలో అధిక భాగం ఒక సంవత్సరం లోపే శిలీంధ్రాలు, చెదలు, ఇతర జీవుల చర్య వలన కుళ్లిపోతుంది. వెలువడిన పోషకాలను నేల పైపొరలోనే చాపవలె అల్లుకున్న సన్నని వేళ్లు, వాటితో కలిసి జీవించే మైకోరైజా శిలీంధ్రాలు వెంటనే గ్రహిస్తాయి. వర్షపు నీటితో కిందికి జారిపోయేది స్వల్పం. ఆ స్వల్ప నష్టం కూడా కొంత భర్తీ అవుతుంది. సహారా ఎడారి నుండి గాలులు మోసుకువచ్చే ధూళి ద్వారా అమెజాన్ ప్రాంతానికి ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం చేరుతున్నదని ఉపగ్రహ పరిశీలనల ఆధారంగా 2015లో అంచనా వేశారు.

అడవిని నరికి కాల్చినప్పుడు ఏమి జరుగుతుందో దీనినిబట్టి తేలికగా ఊహించవచ్చు. చెట్లలో దాగిన పోషకాలు బూడిద రూపంలో ఒక్కసారిగా నేలపై పడతాయి. ఆమ్లత్వం తాత్కాలికంగా తగ్గుతుంది. మొదటి పంట బాగా పండుతుంది. కాని వాటిని పట్టి ఉంచే వేళ్ల చాప లేదు, కొత్తగా రాలే ఆకు లేదు. రెండు మూడు సంవత్సరాలలో దిగుబడి పడిపోతుంది, కలుపు పెరుగుతుంది, రైతు మరొక చోటుకు కదలవలసి వస్తుంది. తూర్పు కనుమలలోని పోడు సేద్యంలో అడవి రకం వేరైనా, ఈ క్రమం మాత్రం ఇదే. బీడు కాలం చాలినంత ఉన్నప్పుడు నేల కోలుకుంటుంది. ఆ కాలం కుదించుకుపోయినప్పుడు కోలుకోలేదు.

ఇటువంటి నేలలోనే దీర్ఘకాలం సారాన్ని నిలిపిన ఉదాహరణ కూడా అమెజాన్‌లోనే ఉన్నది. యూరోపియన్ల రాకకు పూర్వం అక్కడి ప్రజలు బొగ్గు, ఎముకలు, వంటశాల వ్యర్థాలు, కుండ పెంకులు చేరిన మట్టిని నివాసాల చుట్టూ ఏర్పరచారు. ‘టెర్రా ప్రెటా’ అని పిలిచే ఆ నల్లనేలలు శతాబ్దాల తరువాత నేటికీ చుట్టుపక్కల నేలల కంటే సారవంతంగా ఉన్నాయి. బయోచార్‌పై జరుగుతున్న నేటి పరిశోధనలకు ప్రేరణ ఈ నేలల నుండే లభించింది.

వృక్షాల అనుకూలనాలు

అ) నిలకడకు: పోషకాలు పైపొరలోనే ఉండడం వలన అనేక వర్షారణ్య వృక్షాల వేళ్లు లోతుకు పోక పక్కలకు విస్తరిస్తాయి. అంత ఎత్తైన కాండాన్ని నిలబెట్టడానికి మొదలు చుట్టూ గోడలవలె లేచిన బట్రెస్ వేళ్లు ఏర్పడతాయి. తెల్ల బూరుగు చెట్టు మొదట్లో వీటిని స్పష్టంగా చూడవచ్చు. నీరు నిలిచే చోట అనుకూలనం మరొక విధంగా ఉంటుంది. పశ్చిమ కనుమలలోని జాజికాయ కుటుంబపు చిత్తడి అడవులలో మిరిస్టికా మాగ్నిఫికా వంటి చెట్లకు ఊత వేళ్లు, మోకాలి ఆకారంలో నీటి పైకి వంగి గాలి పీల్చే వేళ్లు ఉంటాయి.

ఆ) ఆకులకు: నీడలోని ఆకులు పలుచగా, వెడల్పుగా ఉంటాయి, అతి తక్కువ వెలుతురులో కూడా శ్వాసక్రియకు అయ్యే ఖర్చును పూడ్చుకోగలవు. ఆకుల సందుల నుండి క్షణకాలం జారిపడే ఎండ మచ్చలను అవి త్వరగా వినియోగించుకుంటాయి. నేల మట్టంలోని మొక్కకు రోజు మొత్తంలో లభించే కాంతిలో సగానికి పైగా వీటినుండే రావచ్చు. అదే చెట్టు ఛత్రాన్ని చేరిన తరువాత వేసే ఆకులు చిన్నవిగా, మందంగా, మైనపు పూతతో ఉంటాయి. అనేక జాతుల ఆకులకు పొడవైన మొనతేలిన కొన ఉంటుంది. ఈ కొన వర్షపు నీటిని త్వరగా జార్చి, ఆకుపై నాచు, శిలీంధ్రాలు పేరుకొనకుండా చేస్తుందని సాధారణ వివరణ. దీనిపై పరిశోధకులలో పూర్తి ఏకాభిప్రాయం లేదు. లేత ఆకులు గుంపుగా వెలువడి, ఎర్రగా, వాడినట్లు వేలాడడం మరొక లక్షణం. ఆకు గట్టిపడేవరకు అందులో పత్రహరితాన్ని, నత్రజనిని నింపకపోవడం వలన పురుగు తిన్నా మొక్కకు నష్టం తక్కువ. నాగకేసరం, కోకో, మామిడి చిగుళ్లలో ఈ ఎరుపు కనిపిస్తుంది.

ఇ) వెలుతురును చేరడానికి: దారుయుత తీగలు తమ కాండాన్ని బలపరచుకొనే శ్రమ లేకుండా ఇతర చెట్ల ఊతతో ఛత్రాన్ని చేరుతాయి. వాటి సన్నని కాండంలోని వెడల్పైన దారునాళాలు అధిక మొత్తంలో నీటిని పైకి పంపగలవు. వృక్షోపజీవులు నేలను పూర్తిగా విడిచి కొమ్మలమీదనే జీవిస్తాయి; ఇవి చెట్టు నుండి ఆహారాన్ని గ్రహించవు కాబట్టి పరాన్నజీవులు కావు. ఆర్కిడ్ల గాలి వేళ్లపై ఉండే వెలామిన్ పొర వర్షపు నీటిని స్పంజివలె పీల్చుకుంటుంది. అమెరికా ఖండపు బ్రొమీలియాడ్లు ఆకుల మొదళ్లలో నీటిని నిల్వ చేసుకుంటాయి. అనాస ఈ కుటుంబానికే చెందినది. కొమ్మపై నీటికి ఎద్దడి సాధారణం కాబట్టి వీటిలో అనేకం రాత్రివేళ పత్రరంధ్రాలను తెరిచి కార్బన్ డయాక్సైడును గ్రహిస్తాయి.

మర్రి, రావి వంటి ఫైకస్ జాతుల విధానం ఈ రెండింటికీ మధ్యస్థమైనది. పక్షి విడిచిన విత్తనం కొమ్మపై మొలిచి, వేళ్లను నేలకు దించి, క్రమంగా ఆతిథ్యమిచ్చిన చెట్టును చుట్టివేస్తుంది. తాటిచెట్టును కౌగిలించి ఎదిగిన మర్రి, పాత గోడల పగుళ్లలో మొలిచిన రావి తెలుగు పల్లెలలో సుపరిచిత దృశ్యాలు. అవి వర్షారణ్యపు అలవాటుకు మైదానంలో మిగిలిన ఆనవాళ్లు.

ఈ) పూతకు, కాపుకు: గాలి కదలని అడవి లోపల గాలి ద్వారా పరాగ సంపర్కం అరుదు, కీటకాలు, పక్షులు, గబ్బిలాలే వాహకాలు. కొన్ని వృక్షాలు కాండంపైన, ముదురు కొమ్మలపైన నేరుగా పూస్తాయి. కోకో, పనస, మేడి ఇందుకు ఉదాహరణలు. పనస వంటి బరువైన కాయను మోయడానికి, కింది అంతస్తులో తిరిగే కీటకాలకు, జంతువులకు అందుబాటులో ఉంచడానికి ఈ అమరిక అనువైనది. మేడి జాతులలో దాదాపు ప్రతిదానికి ప్రత్యేకమైన చిన్న కందిరీగ జాతి పరాగ సంపర్కం చేస్తుంది. కేరళలోని సైలెంట్ వ్యాలీలో సింహపుతోక కోతి ఆహారంలో కల్లీనియా వృక్షపు కాయలకు ప్రముఖ స్థానం ఉన్నది. ఒకదాని మనుగడ మరొకదానితో ముడిపడి ఉన్నది.

ఉ) విత్తనాలకు: ఖాళీలలో త్వరగా పెరిగే సెక్రోపియా వంటి తొలి జాతుల విత్తనాలు చిన్నవి, నీడలో నిద్రాణంగా ఉండి, పూర్తి వెలుతురు సోకినప్పుడు మొలుస్తాయి. నీడను సహించే జాతుల విత్తనాలు పెద్దవి, నిల్వ ఆహారం గలవి. తేమ ఎప్పుడూ ఉండే అడవిలో ఎండిపోయి నిద్రించవలసిన అవసరం లేనందున అవి రాలిన వెంటనే మొలకెత్తుతాయి, ఆరబెడితే చనిపోతాయి. వీటినే రికాల్సిట్రెంట్ విత్తనాలు అంటారు. 1876లో హెన్రీ విక్హామ్ అమెజాన్ నుండి ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనానికి సుమారు 70,000 రబ్బరు విత్తనాలను చేరవేస్తే, మొలిచినవి 2,700 మాత్రమే. ఆసియా ఖండపు రబ్బరు పరిశ్రమకు పునాది వేసినవి ఆ కొద్దిపాటి మొలకలే.

తోట పంటలకు అన్వయం

కోకో: గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో అంతర పంటగా కోకో స్థిరపడడానికి కారణం ఆ మొక్క స్వతహాగా కింది అంతస్తు వృక్షం కావడమే. లేత దశలో నీడ అధికంగా అవసరం. ఎదిగిన తరువాత కొంత తగ్గించవచ్చు. కోకో పూతలో పరాగ సంపర్కం చేసేవి ఫోర్సిపోమియా జాతి అతి చిన్న ఈగలు. ఇవి కుళ్లుతున్న ఆకులలో, తడి సేంద్రియ వ్యర్థాలలో పెరుగుతాయి. శుభ్రత పేరిట రాలిన ఆకును పూర్తిగా ఊడ్చి తగులబెట్టే తోటలో ఈ కీటకాలకు నివాసం ఉండదు. వేళ్ల చాపకు రక్షణ, నేలకు పోషకం కూడా పోతాయి. కాబట్టి ఆకును చెట్ల మధ్యనే ఉంచాలి. కాయకుళ్లు సోకిన కాయలను మాత్రం ఏరి తొలగించాలి. విత్తనాలను కాయ నుండి తీసిన వెంటనే నాటవలెను.

మిరియం: పశ్చిమ కనుమల సతతహరిత అడవులలో పుట్టిన ఈ తీగ నీడను, తేమను, ఊతను కోరుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ చెట్లపై దీనిని పాకించడం అడవి అంతస్తులను తోటలో పునర్నిర్మించడమే. పైన నీడ చెట్టు, దానిపై మిరియం, కింద అరబికా కాఫీ అనే అమరికలో ఒక్కొక్క పంటకు దాని సహజ స్థానం లభిస్తుంది. అయితే అడవి వాలులలో నీరు నిలవదు. మొదట్లో నీరు నిలిచిన తోటలో ఫైటాఫ్తొరా వలన వేరుకుళ్లు, తీగ ఎండు తప్పవు. ఇక్కడ మురుగు నీటి పారుదల నీడతో సమానమైన ప్రాముఖ్యం కలది.

ఆయిల్ పామ్: పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల అంచులలో, నదీ తీరాలలో పుట్టిన ఈ వృక్షం పూర్తి ఎండను కోరుతుంది కాని నీటి ఎద్దడిని సహించదు. ఎద్దడికి గురైనప్పుడు ఆడ పూగుత్తులు తగ్గి, మగ పూగుత్తులు పెరుగుతాయి. పూగుత్తి లింగ నిర్ణయం గెల కోతకు చాలా ముందే జరుగుతుంది కాబట్టి ఈ వేసవిలో పడిన ఎద్దడి ప్రభావం తరువాతి సంవత్సరాల దిగుబడిపై కనబడుతుంది. దిగుబడి తగ్గిన సంవత్సరంలో ఎరువుల లోపాన్ని మాత్రమే వెదకడం కంటే గత వేసవుల నీటి యాజమాన్యాన్ని పరిశీలించడం సముచితం. పరాగ సంపర్కంలోను దాని పుట్టినింటి కీటకమే కీలకం. ఆఫ్రికా నుండి ఎలైడోబియస్ కామెరూనికస్ అనే ముక్కుపురుగును 1981లో మలేషియాలో విడుదల చేసిన తరువాత అక్కడి తోటలలో చేతితో పరాగ సంపర్కం చేయవలసిన అవసరం తొలగింది. భారతదేశపు తోటలలో కూడా నేడు ఇదే కీటకం ఆ పని నిర్వహిస్తున్నది.

రబ్బరు: ఒకే జాతిని దట్టంగా నాటడంలోని ప్రమాదానికి రబ్బరు చరిత్ర పాఠం. అమెజాన్ అడవిలో రబ్బరు చెట్లు దూరదూరంగా ఉండడం వలన ఆకు ఎండు తెగులు తీవ్రం కాదు. 1928లో అమెరికా పారిశ్రామికవేత్త హెన్రీ ఫోర్డ్ కంపెనీ బ్రెజిల్‌లోని తపజోస్ నది ఒడ్డున ఫోర్డ్‌లాండియా పేరుతో విశాలమైన రబ్బరు తోటను ప్రారంభించింది. చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తాకే సమయానికి తెగులు తోటంతా వ్యాపించింది. 1945లో ఆ భూములను బ్రెజిల్ ప్రభుత్వానికి విక్రయించవలసి వచ్చింది. ఆసియాలో అదే పంట విజయవంతం కావడానికి ప్రధాన కారణం ఆ శిలీంధ్రం సముద్రం దాటి రాకపోవడమే. మొక్కల క్వారంటైన్ ప్రాధాన్యాన్ని విద్యార్థులకు బోధించడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అరుదు.

ప్రమాద స్థితి

అమెజాన్ అడవిలో ఇప్పటికి సుమారు 17 శాతం నరికివేయబడినది. ఈ నష్టం 20 నుండి 25 శాతానికి చేరితే తూర్పు, దక్షిణ, మధ్య అమెజాన్ భాగాలు తమ వర్షాన్ని తాము నిలుపుకోలేక గడ్డిభూముల తరహా స్థితికి మారే ప్రమాదం ఉన్నదని థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే 2018లో హెచ్చరించారు. ఆగ్నేయ అమెజాన్ ప్రాంతం గ్రహించే కార్బన్ కన్న విడుదల చేసేది అధికమైనదని 2021లో విమాన పరిశీలనల ఆధారంగా ప్రచురించిన ఫలితాలు తెలిపాయి. భారతదేశంలో సైలెంట్ వ్యాలీ జలవిద్యుత్ ప్రతిపాదన 1983లో విరమించబడి, 1984లో ఆ లోయ జాతీయ పార్కుగా ప్రకటించబడడం భిన్నమైన ఫలితం. 2012లో పశ్చిమ కనుమలలోని 39 స్థలాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

ఈ అడవులు నశిస్తే సాగులోని పంటలకు కలిగే నష్టం ప్రత్యక్షమైనది. పశ్చిమ కనుమలలోని అడవి మిరియం, అమెజాన్ ఎగువ ప్రాంతపు అడవి కోకో, ఇథియోపియా కొండ అడవులలోని అరబికా కాఫీ తెగుళ్లను, ఎద్దడిని తట్టుకొనే జన్యువులకు మూలాధారాలు. వీటి విత్తనాలలో అనేకం ఆరబెట్టి శీతల గిడ్డంగులలో దాచదగినవి కావు. ఆ జన్యు సంపద నిలవాలంటే సజీవ వృక్షాలుగా, వాటి అడవిలోగాని క్షేత్ర జన్యు బ్యాంకులలోగాని నిలవవలసినదే.

ముగింపు

వర్షారణ్యపు సమృద్ధి వేగవంతమైన పోషక చక్రంపైన, వెలుతురును అంతస్తులవారీగా పంచుకోవడంపైన, జాతుల మధ్య ఎడంపైన, పరస్పర ఆధారంపైన నిలిచి ఉన్నది. ఈ అడవుల నుండి వచ్చిన పంటను మైదానంలో నాటినప్పుడు నీడ, నేలపై ఆకు కప్పు, పొడి నెలలలో నీరు, పరాగ సంపర్క కీటకాలు అనే నాలుగు అవసరాలను రైతు కల్పించవలసి ఉంటుంది. విస్తరణ శాస్త్రజ్ఞులు ఒక ప్రాంతానికి కొత్త తోట పంటను సూచించే ముందు వార్షిక వర్షపాతంతో పాటు పొడి నెలల సంఖ్యను, పంట సహజంగా ఏ అంతస్తుకు చెందినదో, దాని పూతకు వాహకం ఏదో, విత్తనం స్వభావం ఏమిటో పరిశీలించినట్లయితే, రైతు పలు సంవత్సరాల పెట్టుబడి తరువాత ఎదుర్కొనే నష్టాలలో అనేకం ముందుగానే నివారించబడతాయి.